ఉమ్మడి భూమికి హద్దు చూపేది మనమే



మన రాష్ట్రంలో రీసర్వే 2020 డిసెంబర్ 21న మొదలైంది. డ్రోన్ పైనుంచి ఫొటో తీస్తుంది. రోవర్ ఉపగ్రహాల సాయంతో హద్దును సెంటీమీటర్ల లెక్కన చూపిస్తుంది. కానీ ఆ నేల ఎవరిదో ఫొటో చెప్పదు. మేత పోరంబోకును ఎవరైనా దున్ని కలుపుకొని ఉంటే, డ్రోన్‌కు అదీ చేనే!

పట్టా పొలం దగ్గర రైతు వచ్చి నిలబడతాడు. వంకకు, చెరువుకు, బండ్లబాటకు, శ్మశానానికి ఎవరు నిలబడాలి? ఊరే నిలబడాల.

సర్వే రోజు పాత ఎఫ్ఎంబీ, అడంగల్ నకలు తీసుకుని, హద్దులు తెలిసిన పెద్దల్ని వెంటబెట్టుకుని రండి. కొత్త పటంలో విస్తీర్ణం, వర్గీకరణ చూసుకోండి. తేడా ఉంటే నోటిమాటతో వదలొద్దు. గ్రామ సర్వేయరుకు రాసిచ్చి రసీదు తీసుకోండి. సర్వే చట్టం 13వ సెక్షన్ నోటిఫికేషన్ వచ్చేస్తే ఆ హద్దే ఖాయం. తర్వాత మార్చాలంటే కోర్టు మెట్లెక్కాల్సిందే.