చిగుళ్ళ నవ్వు – విషవైద్యము



నవ్వునకు లక్షణములు వ్రాయుట మనదేశమున మిక్కిలి ప్రాచీనమైన పని. భరతముని తన నాట్యశాస్త్రమున హాసమును స్మితము, హసితము, విహసితము, ఉపహసితము, అపహసితము, అతిహసితము అని ఆఱు విధములుగ విభజించెను. స్మితమునందు దంతములు కానరావు. హసితమునందు ఇంచుక కానవచ్చును. పండ్లు కానవచ్చుటను గూర్చి యింత సూక్ష్మముగ విచారించిన జాతివారమైన మనము, చిగుళ్ళు కానవచ్చువారిని మాత్రము విచారణ లేకయే పరిహసించుచున్నాము. నేటి నా ప్రసంగమునకు విషయ మదియే.

కొందఱు నవ్వినపుడు పై పెదవి మిక్కిలి పైకి లేచి, పండ్లమీది చిగురు వెడల్పుగ కనబడును. అది 3 మిల్లీమీటర్లకు మించినచో దంతవైద్యులు చిగుళ్ళ నవ్వని వ్యవహరింతురు. ఇది పురుషులకంటె స్త్రీలయందు అధికము. ఇందు నొప్పి లేదు, ప్రాణభయము లేదు. అయినను పెండ్లిచూపులనాడు ఎవరో యొక పెద్దమ్మ అనిన మాట పట్టుకొని, బ్రదికినంతకాలము పైట అడ్డము పెట్టుకొని నవ్వు స్త్రీలు గలరు. నేను బడిలో పాఠములు చెప్పిన దినములలో పలక చాటున నవ్వు బాలికలను చూచియున్నాను. వారికి పాఠము వచ్చియు లేచి చెప్పుటకు జంకెడివారు.

ఇప్పుడు నగరములలో దీనికి బొటాక్సు అను సూదిమందు వేయుచున్నారు. మన మనుమరాండ్రు సెల్‌ఫోనులలో దానిని చూచి, మాకును వేయింపుమని అడుగుచున్నారు. ఔననుటకైనను కాదనుటకైనను పెద్దలకు దాని స్వరూపము తెలిసియుండవలెను గదా.

మొట్టమొదట తెలియవలసినది, అది విషము. జర్మనీ దేశపు వుర్టెంబర్గు ప్రాంతమున చెడిన మాంసపు వంటకము తిని జనులు చనిపోవుచుండగా, వైద్యుడును కవియునైన జస్టినస్ కెర్నరు 1820, 1822 సంవత్సరములలో ఆ విషలక్షణములను వర్ణించి ప్రకటించెను. కొలతతో వాడినచో ఇది మందు కాగలదని కూడ ఆయన ఊహించెను. 1895లో బెల్జియము దేశమున ఒక శవసంస్కారమునకు వాద్యములు వాయింప వచ్చినవారు నిలువయుంచిన పందిమాంసము తిని జబ్బుపడగా, వాన్ ఎర్మెంగెం అను పండితుడు పరిశోధించి, గాలి సోకనిచోట పెరుగు ఒక సూక్ష్మజీవి దీనికి మూలమని కనుగొనెను. పిమ్మట అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కోలో ఆలన్ స్కాట్ అను నేత్రవైద్యుడు మెల్లకన్నును సరిచేయుటకు దీనిని లేశమాత్రముగ ప్రయోగించెను. 1989లో ఆ దేశపు ప్రభుత్వము నేత్రరోగములకు దీని ననుమతించినది. ముఖమందలి ముడుతలకు అనుమతి 2002లో వచ్చినది. చిగుళ్ళ నవ్వు మాత్రము ఆ దేశపు అనుమతులలో చేరలేదు. వైద్యులు తమ విచక్షణచే వాడుచున్నారు.

విషము మందగుట మనకు వింత గాదు. ముష్టి విత్తులను, నాభిని, నల్లజీడిని శుద్ధిచేసి మన వైద్యులు తరతరములుగ వాడిరి. విషమునకును ఔషధమునకును భేదము యుక్తియందే కలదను భావము చరకసంహితలో నున్నది.

ఈ మందు పనిచేయు విధము కర్షకులకు సులభముగ బోధపడును. చెరువు నిండియున్నను తూము మూసినచో పొలమునకు నీరందదు. నరము కండరమును కదలించుటకు తన కొనయందు ఒక రసమును విడుచును. ఈ విషము ఆ తూమును మూయును. ఆజ్ఞ యందని కండరము సడలును. పై పెదవిని పైకిలాగు కండరములు మూడు ముక్కుప్రక్కన ఒకచోట కలియును. ముక్కుపుటమునకు సుమారు ఒక సెంటీమీటరు ప్రక్కగా నుండు ఆ స్థానమును దక్షిణ కొరియాలోని యోన్సేయి విశ్వవిద్యాలయమువారు 2009లో నిర్ణయించి ప్రకటించిరి. అచ్చట ఇరుప్రక్కల కొలది మోతాదు వేసినచో, నవ్వినపుడు పెదవి మునుపటివలె పైకి లేవదు. పోర్టోరికోకు చెందిన మారియో పోలో అను దంతవైద్యుడు 30 మందికి ఈ చికిత్స చేసి, 2008లో ఫలితములు ప్రకటించెను. రెండు వారములకు పెదవి సగటున 5 మిల్లీమీటర్ల మేర దిగినది. ఆ పిమ్మట క్రమక్రమముగ పైకి పోవ నారంభించినది.

ఇందులోనే రెండవ విశేషమున్నది. నరము మరల తన దారి తాను చేసికొనును. మూడు నాలుగు నెలలకు, కొందఱికి ఆఱు నెలలకు, నవ్వు యథాస్థితికి వచ్చును. కావున ఇది ఒకమారు వేయించి మఱచునది గాదు. పెండ్లికై వేయించిన సూది సీమంతమునాటికి నిలువదు. గర్భిణులకును, బాలింతలకును దీనిని వేయరాదని వైద్యులందురు. కండరముల బలము తగ్గు వ్యాధులున్నవారికిని నిషిద్ధము. మోతాదు తప్పినను, చోటు తప్పినను మూతి ఒకప్రక్కకు పోవును, పెదవి వ్రేలాడును, ఈలవేయుట, నీరు త్రాగుట కొన్ని వారములు కష్టమగును.

మూడవది, కారణమును బట్టి చికిత్స. పెదవికండరము అధికముగ లాగుటయే కారణమైనచో ఈ సూది పనిచేయును. పై దవడ ఎముకయే పొడవైనచో శస్త్రచికిత్స తప్ప శాశ్వతోపాయము లేదు. చిగురు పండ్లను కప్పి పండ్లు పొట్టిగ కనబడినచో చిగురును సవరింపవలెను. మూర్ఛకు వాడు ఫెనిటాయిను, రక్తపుపోటునకు వాడు ఆమ్లోడిపిను వంటి మాత్రలచే కొందఱికి చిగుళ్ళు ఉబ్బి పెరుగును. అట్టివారు మాత్రలను స్వయముగ మానరాదు. వైద్యునితో చెప్పి మార్పించుకొనవలెను.

2024 ఫిబ్రవరిలో హైదరాబాదులో పెండ్లి నిశ్చయమైన ఒక యువకుడు నవ్వును తీర్చిదిద్దించుకొనుటకు దంతవైద్యశాలకు పోయి ప్రాణముతో తిరిగిరాలేదు. మత్తుమందు అధికమైనదని తండ్రి ఆరోపించెను. అది ఈ సూదిమందు గాదు, వేఱొక చికిత్స. అయినను అలంకారమునకై చేయునదియు వైద్యమే యని, వైద్యమునందుండవలసిన జాగ్రత్త యంతయు అందును ఉండవలెనని ఆ దుఃఖము మనకు బోధించుచున్నది.

కావున పిల్లవెంట పోవు పెద్దలు ఈ ప్రశ్నలు తప్పక అడుగవలెను. వేయువారు గుర్తింపు పొందిన వైద్యులా, లేక సౌందర్యశాలలో పనివారా? నవ్వు ఇట్లుండుటకు కారణమేమి? మందుసీసాపై తయారీ వివరములును గడువు తేదియు నున్నవా, అది చల్లని పెట్టెలో నుంచబడినదా? వికటించినచో చూచువా రెవరు? కారణము తెలిసికొనుటకు హైదరాబాదు అఫ్జల్‌గంజిలోని ప్రభుత్వ దంత వైద్య కళాశాల ఆసుపత్రికి పోవచ్చును. తెలిసికొన్న మాత్రమున చేయించుకొనవలెనను నిర్బంధము లేదు.

ప్రాణహిత గోదావరిలో కలియు మా కాళేశ్వరమున ఒకే పానవట్టముపై రెండు లింగములు గలవు. ముక్తేశ్వరుడు అందఱికి ముక్తి నొసగుచుండగా యమునికి పనిలేకపోయెననియు, అందుచే శివుడు యముని లింగమును తన చెంత నిలుపుకొనెననియు స్థలపురాణము. కాళేశ్వరుని ముందు అర్చించి పిమ్మట ముక్తేశ్వరుని అర్చించుట అచ్చటి ఆచారము. ఈ మందు విషయమునను క్రమమదియే. ముందు దానియందలి విషమును తెలిసికొని, పిమ్మట మేలు కోరవలెను.

కడపట మనవంతు. వయసు పైబడినకొలది పై పెదవి తనంతట తాను క్రిందికి దిగును. చిగుళ్ళు కనబడుట తగ్గును. సూది లేకయే కాలము చేయు పని యిది. యౌవనమున మాత్రము పిల్లలు మన నోటిమాటకు జంకి నవ్వు మానుచున్నారు. తెలిసి, ఇచ్చగించి, అర్హుడైన వైద్యునిచే చికిత్స పొందువారిని నిందింపకుడు. పెండ్లివారు కోరిరని వలదను పిల్లను నిర్బంధింపకుడు. పెండ్లిచూపులలో పిల్ల నవ్వినపుడు చిగుళ్ళను కొలువక ఆమె మంచితనమును, విద్యను విచారింపుడు. ఈ చికిత్సకు ఖర్చు లేదు, అపాయము లేదు, ఆఱు నెలలకు మరల చేయింప నక్కఱయు లేదు.

స్వస్తి.