ఎగిరే ముందు ఇంట్లో చెప్పవలసిన మాట

(సంఘం వార్షిక సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



విమానం నడిపేవాళ్లు తమ ఇంటివాళ్లను ప్రమాదానికి ఎలా సిద్ధం చేస్తారన్నది నేటి నా విషయం. ఫైళ్లు తప్ప మరేమీ నడపని గుమాస్తాకు ఈ సంగతి ఎందుకని మీరనుకోవచ్చు. కారణం మనవి చేస్తాను.

కిందటేడు ఒక రాత్రి గుండెనొప్పి వచ్చి నన్ను ఆసుపత్రిలో చేర్చారు. హెల్త్ కార్డు ఎక్కడుందో మా ఆవిడకు తెలియదు. నేను చెప్పే స్థితిలో లేను. ముప్ఫై మూడేళ్లు ఇతరుల సర్వీసు రిజిస్టర్లలో నామినేషన్లు సరిచూసినవాణ్ణి, నా బీరువాలో ఏముందో ఇంట్లో చెప్పలేదు. ఆ రాత్రి ఆమె కాగితాలన్నీ నేలమీద పరుచుకుని ఏడ్చిందట.

పరామర్శకు మా మేనల్లుడు వచ్చాడు. వైమానిక దళంలో పైలట్‌గా చేసి రిటైరైనవాడు. "మామయ్యా, మా ఇంట్లో ఈ పని పెళ్లయిన నెలలోనే అయిపోయింది" అన్నాడు. నామినేషను, వీలునామా, బీమా కాగితాలు, బ్యాంకు పుస్తకం అన్నీ ఒకే ఫైలులో పెట్టి, భార్యను పక్కన కూర్చోబెట్టుకుని ఒక్కొక్కటీ చూపించాడట. ఏదైనా జరిగితే ముందు ఎవరికి ఫోన్ చేయాలో రాసి ఇచ్చాడు. బదిలీ అయిన ప్రతిసారీ ఆ ఫైలు మళ్లీ తిరగేసేవారు. పిల్లలు అడిగితే "నాకేమీ కాదు" అని ఒట్టు వేసేవాడు కాదు. ప్రమాదం ఉందనీ, దానికి ఏయే జాగ్రత్తలు తీసుకుంటారో కూడా చెప్పేవాడు. తగవు తీరకుండా డ్యూటీకి వెళ్లకూడదన్నది దంపతుల ఒప్పందం.

మా అక్కయ్య మాత్రం "బయలుదేరేముందు అశుభం పలుకుతావేమిరా" అని కోప్పడేదట. దానికి అతడు, "అమ్మా, ఎక్కబోయే ముందు విమానం చుట్టూ తిరిగి రెక్కలు, చక్రాలు చూస్తాను. అది కూలుతుందని కాదు కదా! ఇదీ అంతే" అనేవాడు.

ఆ చూసుకోవడం వెనుక ఒక చరిత్ర ఉంది. 1935 అక్టోబరు 30న అమెరికాలోని రైట్ ఫీల్డ్‌లో బోయింగ్ మోడల్ 299 అనే పెద్ద బాంబరు పైకి లేవగానే కూలింది. నేలమీద ఉన్నప్పుడు తోకభాగాలు కదలకుండా వేసే తాళం తీయడం మరచిపోయారు. ఇద్దరు మరణించారు. నడిపినవారు ఆరితేరినవారే. జ్ఞాపకాన్ని నమ్ముకోరాదని అప్పటినుంచి చేయవలసిన పనుల జాబితా రాసుకుని, చదువుతూ సరిచూడటం మొదలైంది.

1969లో చంద్రుడి మీదికి వెళ్లిన అపోలో 11 యాత్రికులు ముగ్గురూ పైలట్లే. బయలుదేరే ముందు వందలాది తపాలా కవర్ల మీద సంతకాలు చేసి ఉంచారు. తాము తిరిగి రాకపోతే కుటుంబాలు వాటిని అమ్ముకుని బతుకుతాయని వారి ఆలోచన. ముగ్గురూ క్షేమంగా వచ్చారు. జాగ్రత్తపడినందువల్ల వారికే కీడూ జరగలేదు.

దూరం ఎందుకు? 2023 డిసెంబరు 4న దుండిగల్ ఎయిర్‌ఫోర్స్ అకాడమీ శిక్షణ విమానం మెదక్ జిల్లాలో కూలి ఇద్దరు పైలట్లు అసువులు బాసారు. అటువంటి దుఃఖాన్ని ఏ ఫైలూ తీర్చలేదు. కానీ ఆ దుఃఖంలో ఉన్న మనిషి కాగితం కోసం వెతుక్కునే అవస్థ మాత్రం తప్పించగలం.

మిత్రులారా, మనం ఆకాశంలో ఎగరకపోవచ్చు. డెబ్బై దాటిన వయసు మాత్రం అందరికీ ఉంది. ఈ రాత్రి భోజనాలయ్యాక పీపీఓ తీయండి. అందులో మీ శ్రీమతి పేరు, పుట్టినతేదీ ఆధార్‌తో సరిపోయాయో లేదో చూడండి. బ్యాంకు ఖాతాల్లో నామినీ ఎవరో చూడండి. బీరువా తాళం ఎక్కడుంటుందో ఆమెకు చెప్పండి. సోదరీమణులూ, ఆయన చెప్పకపోతే మీరే అడగండి, మొహమాటపడవద్దు.

మా ఇంట్లో ఇప్పుడు ఆకుపచ్చ ఫైలు ఒకటి దేవుడి గూటి పక్కన ఉంటుంది. మొదటి కాగితం హెల్త్ కార్డు నకలు. ఫైలు మీద పేరు మా ఆవిడ తన చేతులతోనే రాసుకుంది.