ఫీజు లేని చదువు, దాని అసలు ఖరీదు

(రాయ్‌పూర్‌లో జరిగిన సిబ్బంది కుటుంబ సమ్మేళనంలో చేసిన ప్రసంగ పాఠం)

వెనక వరుసలో ఫోన్లు చూసుకుంటున్న పిల్లలకు ప్రత్యేకంగా నమస్కారం. ఎందుకంటే ఇవాళ్టి కబురు మీ గురించే.

నన్ను మాట్లాడమన్నది 'పిల్లల చదువుల ఖర్చు' మీద. నేను అప్పులిచ్చే సీట్లో కూర్చున్నవాణ్ణి కాబట్టి విద్యా రుణాల గురించి చెబుతానని అనుకుని ఉంటారు. చెప్పగలను. కానీ మా బ్రాంచిలో ఒక మెసెంజర్ ఉన్నాడు. శ్రీకాకుళం వైపు నుంచి తాతల కాలంలో రైల్వే పనికని ఇక్కడికి వచ్చిన కుటుంబం. మీలో చాలామంది కుటుంబాల కథ కూడా అదే. ఒకరోజు భోజనాల వేళ నా దగ్గరికి వచ్చి, "సార్, అప్పు సంగతి నాకు తెలుసు. అసలు అప్పే అక్కర్లేని చదువు ఏదైనా ఉందా?" అని అడిగాడు. ముప్పై ఏళ్ల సర్వీసులో ఆ ప్రశ్న నన్ను ఎవరూ అడగలేదు. మేం నేర్చుకునేదంతా అప్పు ఎలా ఇవ్వాలనే కదా!

ఆ ప్రశ్నకు జవాబుంది. సైన్యంలో అధికారులుగా తీసుకునే పిల్లలకు ప్రభుత్వమే డిగ్రీ చదివిస్తుంది. ఆ దారి మా ఇంట్లో కూడా తొక్కాం. తొక్కిన తీరులో నా తప్పు ఒకటుంది, దాన్నీ చెబుతాను.

ముందు లెక్క. ఇది బ్యాంకు సభ, లెక్క లేకపోతే మీరు ఊరుకోరు. ప్రైవేటు ఇంజినీరింగు కాలేజీకి ఏడాదికి రెండున్నర లక్షల చొప్పున నాలుగేళ్లకు పది లక్షలు అప్పు తీసుకున్నారనుకోండి. వడ్డీ పది శాతం. చదువు అయ్యాక ఇంకో ఏడాది వాయిదాలు మొదలుకావు. వాయిదాలు మొదలు కాకపోతే వడ్డీ మాత్రం ఆగుతుందా? బారువడ్డీ లెక్కనే మూడున్నర లక్షలు పోగవుతుంది. పదమూడున్నర లక్షలను పదేళ్లలో తీర్చాలంటే నెలకు దాదాపు 18 వేలు. మొదటి ఉద్యోగంలో పాతిక వేలు సంపాదించే కుర్రాడు నెలకు 18 వేలు ఎలా కడతాడన్నది ఆ ఫైలు మీద సంతకం పెట్టే ప్రతిసారీ నాకు గుర్తొస్తుంది. అయినా పెడతాను.

ఇప్పుడు ఇటుపక్క చూడండి. పుణె దగ్గర ఖడక్‌వాస్లాలో నేషనల్ డిఫెన్స్ అకాడమీ ఉంది, అందరూ ఎన్‌డీఏ అంటారు. ఇంటర్ చదువుతూనే పరీక్ష రాయొచ్చు. వయసు సుమారు పదహారున్నర నుంచి పందొమ్మిదిన్నర ఏళ్ల మధ్య ఉండాలి. పరీక్ష పెట్టేది యూపీఎస్సీ, ఏడాదికి రెండుసార్లు. మన రాయ్‌పూర్‌లోనే సెంటరుంది. లెక్కలకు 300 మార్కులు, జనరల్ ఎబిలిటీకి 600, తర్వాత ఎస్‌ఎస్‌బీ ఇంటర్వ్యూకు 900. అంటే రాసిన పరీక్ష ఎంతో, మనిషిని చూసే పరీక్షా అంతే. ఈ 900 సంగతి గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తాను.

సీటొస్తే మూడేళ్లు అక్కడ చదువు, డిగ్రీ ఇచ్చేది ఢిల్లీ జవహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయం. తర్వాత ఒక ఏడాది శిక్షణ. ఆర్మీ అయితే డెహ్రాడూన్, నేవీ అయితే కేరళలో ఎళిమల, ఎయిర్‌ఫోర్స్ అయితే మన హైదరాబాద్ పక్కనే దుండిగల్. బస, భోజనం, పుస్తకాలు, యూనిఫాం, వైద్యం అన్నీ సర్కారువే. డెహ్రాడూన్ ఏడాదిలో నెలకు 56,100 రూపాయలు స్టైపెండు కూడా ఇస్తారు. లెఫ్టినెంటు అయ్యాక అదే మూల వేతనం, పైన మిలిటరీ సర్వీస్ పే 15,500, ఆపైన కరువు భత్యం. మన ప్రొబేషనరీ ఆఫీసర్లు ఇక్కడ మొహమొహాలు చూసుకుంటున్నారు, నాకు కనిపిస్తోంది.

అయితే మొత్తం ఉచితం అనుకుని ఖాళీ చేతులతో వెళ్లకండి. జేబు ఖర్చు తల్లిదండ్రులదే, మామూలుగా నెలకు మూడు వేల దాకా. చేరేటప్పుడు బట్టలకు, బీమాకు, మొదటి టర్ము జేబు ఖర్చుకు కలిపి కొన్ని పదుల వేలు డిపాజిట్ కట్టాలి. ఇంటి ఆదాయం నెలకు 21 వేలకు లోపే ఉంటే ప్రభుత్వం నెలకు వెయ్యి రూపాయలు సాయం చేస్తుంది, దానికి జిల్లా కలెక్టరు ద్వారా దరఖాస్తు పెట్టుకోవాలి. మన జీతాలకు అది వర్తించదు. మీ ఇంట్లో పనిచేసే అమ్మాయి కొడుక్కో, మీ ఊళ్లో పొలం చేసుకునే అన్నయ్య కొడుక్కో వర్తించవచ్చు. వాళ్లకు చెప్పండి.

ఇక నా తప్పు. మావాడు ఇంటర్‌లో ఉండగా ఇంటి అప్పు నెత్తిమీద ఉంది. ఎన్‌డీఏ ప్రకటన చూడగానే నాకు అందులో దేశం కనబడలేదండీ, మిగులు కనబడింది. పదమూడున్నర లక్షలు మిగులు. "రాయరా" అన్నాను, రాశాడు. లెక్కల్లో గట్టివాడు, రాత పరీక్ష గట్టెక్కేశాడు. ఎస్‌ఎస్‌బీకి భోపాల్ పిలిచారు. మొదటిసారి వెళ్లేవాళ్లకు రైలు చార్జీ కూడా వాళ్లే ఇస్తారు. అది చూసి ఇంకా మురిసిపోయాను.

అయిదు రోజుల ఇంటర్వ్యూ అది. కానీ మొదటి రోజే వడపోత. బుద్ధి పరీక్ష ఒకటి, తర్వాత మసకగా ఉన్న బొమ్మను అర నిమిషం చూపించి నాలుగు నిమిషాల్లో కథ రాయమంటారు. ఆ కథను గుంపులో కూర్చుని చెప్పుకోవాలి. ఎక్కువమంది ఆ సాయంత్రమే ఇంటిముఖం పడతారు. మావాడూ పట్టాడు. మర్నాడు అమర్‌కంటక్ ఎక్స్‌ప్రెస్ దిగి వస్తే స్టేషనుకు వెళ్లాను. దారిలో, "బొమ్మకు ఏం కథ రాశావురా?" అని అడిగాను. కాసేపు ఊరుకుని, "ఒక అబ్బాయి కష్టపడి వాళ్ల నాన్న అప్పు తీర్చేశాడని రాశాను" అన్నాడు.

ఆ 900 మార్కులు దేనికి పెట్టారో నాకు స్కూటర్ మీద అర్థమైంది. వాళ్లు చూసేది వీడు ఇక్కడికి ఎందుకొచ్చాడన్నదే. మావాడు నా కోసం వెళ్లాడు, తన కోసం కాదు. అది నాలుగు నిమిషాల్లో కాగితం మీదికి వచ్చేసింది. ఆ మాట మా ఆవిడ ముందే అంది. "ఫీజు లేదని పంపుతున్నామా, వాడు వెళతానన్నాడని పంపుతున్నామా?" అని. అప్పుడు నేను పేపరు చదువుకుంటున్నాను. వాడిప్పుడు ఇంజినీరింగు మూడో ఏడు, అప్పు మీదే. ఆ ఫైలులో గ్యారంటీదారుగా సంతకం నాదే. సంతోషంగా ఉన్నాడు.

ఈ సంగతి ఎందుకు చెప్పానంటే, ఫీజు లేని చదువుకు ఖరీదు లేదనుకోకండి. ఆ ఖరీదు బాండు రూపంలో ఉంటుంది. పిల్లవాడితోపాటు తల్లో తండ్రో సంతకం పెడతారు. మధ్యలో తనంత తాను వదిలేసి వచ్చేస్తే, లేదా చివర్లో కమిషన్ ఇస్తామంటే వద్దంటే, శిక్షణకైన ఖర్చు తిరిగి కట్టమంటారు. పుణెలోని సాయుధ దళాల వైద్య కళాశాల ఏఎఫ్‌ఎంసీలో ఎంబీబీఎస్ కూడా ఇలాగే. నీట్ ద్వారా సీటు, ఫీజు లేదు, తర్వాత కొన్నేళ్ల సర్వీసు తప్పనిసరి. బాండు మొత్తం 60 లక్షలు దాటింది. ఎండీకో, విదేశాలకో పోదామని మనసులో ఉన్నవాళ్లు రెండుసార్లు ఆలోచించాల్సిన సంఖ్య అది.

ఇంకోటి కూడా దాచకుండా చెప్పాలి. శిక్షణలో దెబ్బలు తగులుతాయి. కొందరికి వెన్నెముక, మోకాలు పోయి వైద్య కారణాల మీద బయటికి పంపేస్తారు. కమిషన్ అందలేదు కాబట్టి వాళ్లు మాజీ సైనికుల లెక్కలోకి రారు. ఏళ్ల తరబడి మంచం మీదున్న పిల్లలు, అమ్ముకున్న ఇళ్లు. 2025 ఆగస్టులో సుప్రీంకోర్టు ఈ సంగతిని తనంత తానుగా విచారణకు తీసుకుంది. ఆ తర్వాతే వాళ్లకు మాజీ సైనికుల వైద్య పథకంలో చోటిచ్చారు. ఇన్నేళ్లు పట్టడం నాకు బాధ కలిగించింది. బీమా ప్రీమియం కింద పట్టే డబ్బు ఎంత, అది ఏ నష్టానికి ఎంత ఇస్తుంది అన్నది చేర్చేముందు చదవండి. మనం బ్యాంకువాళ్లం, చిన్న అక్షరాలు చదవకపోతే ఇంకెవరు చదువుతారు?

డాలస్‌లో ఉన్న మా బావమరిది కూతురు అక్కడి ఆర్‌ఓటీసీ స్కాలర్‌షిప్ గురించి చెప్పింది. అక్కడ పిల్లలు మామూలు యూనివర్సిటీలోనే చదువుతారు, సైన్యం ట్యూషన్ ఫీజు కడుతుంది, పుస్తకాలకు ఏడాదికి 1,200 డాలర్లు, నెలనెలా 420 డాలర్లు చేతికిస్తుంది. బదులుగా ఎనిమిదేళ్ల బాధ్యత, అందులో కొంత పూర్తికాలం, మిగతాది రిజర్వు. అమెరికా పౌరులకే అది. నాకు అందులో నచ్చింది ఒకటే. నాలుగేళ్ల స్కాలర్‌షిప్ తీసుకున్నవాళ్లు రెండో ఏడాది మొదలుకాకముందే తప్పుకుంటే ఏమీ కట్టక్కర్లేదట. పద్దెనిమిదేళ్ల పిల్లలకు ఒక ఏడాది తమను తాము చూసుకునే వీలు. మన దగ్గర ఆ వీలు లేదు కాబట్టి ఆ ఏడాది మనమే ఇంట్లో ఇవ్వాలి, అంటే ముందే.

మిగతా దారులు త్వరగా చెప్పేస్తాను, టీ వాసన వస్తోంది. ఇంజినీరింగే కావాలనే అబ్బాయిలకు ఆర్మీలో టెక్నికల్ ఎంట్రీ ఉంది. ఇంటర్ ఎంపీసీలో 60 శాతం, జేఈఈ మెయిన్ రాసి ఉండాలి. వేరే రాత పరీక్ష లేదు, సరాసరి ఎస్‌ఎస్‌బీ. నాలుగేళ్లకు ఇంజినీరింగు డిగ్రీ, భుజాన నక్షత్రాలు. వీళ్లకు చదువు చెప్పే మిలిటరీ ఇంజినీరింగు కళాశాలల్లో ఒకటి మన సికింద్రాబాద్‌లోనే ఉంది. నేవీ కూడా జేఈఈ ర్యాంకు మీద ఎళిమలలో బీటెక్ చదివిస్తుంది.

ఆడపిల్లల సంగతి. ఎన్‌డీఏలోకి వాళ్లను రానివ్వాలని సుప్రీంకోర్టు 2021లో చెప్పింది. 2022లో 19 మంది మొదటిసారి చేరారు, 2025 మే నెలలో 17 మంది పట్టా అందుకుని బయటికి వచ్చారు. మిలిటరీ నర్సింగ్ సర్వీసు సంగతి ఇంకా తక్కువమందికి తెలుసు. బైపీసీ చదివిన ఆడపిల్లలకు నీట్ స్కోరు మీద, తర్వాత చిన్న పరీక్ష, ఇంటర్వ్యూ మీద నాలుగేళ్ల బీఎస్సీ నర్సింగ్. తిండి, బస, యూనిఫాం, నెలకు స్టైపెండు. ముగిశాక అధికారి హోదా. మా మెసెంజర్‌కు నేను చెప్పింది ఇదే. అయితే ఈసారి బుద్ధి తెచ్చుకుని ముందు అమ్మాయిని పిలిపించాను. నాన్న బయట బెంచీ మీద, అమ్మాయి నా ఎదురుగా. "సైన్యం ఆసుపత్రి అంటే ఎక్కడికి వేస్తే అక్కడికి వెళ్లాలమ్మా, లేహ్ కావచ్చు, తేజ్‌పూర్ కావచ్చు" అన్నాను. "జీతం వస్తుందిగా సార్, తమ్ముణ్ణి చదివిస్తాను" అంది. నా గుండె గుభేలుమంది, మావాడి కథే మళ్లీ విన్నట్టు. "తమ్ముడు లేకపోతే వెళ్తావా?" అని అడిగాను. చాలాసేపు ఆలోచించి, వాళ్ల నానమ్మ ఆఖరి నెలలో తనే సూదులు వేసిందని, ఆ పనంటే తనకు భయం లేదని చెప్పింది. ఇప్పుడు నీట్‌కు చదువుతోంది.

పిల్లలకు మూడు మాటలు. పళ్లు చూపించుకోండి, వైద్య పరీక్షలో పళ్లకు కూడా పాయింట్లున్నాయి, 14 రావాలి. పచ్చబొట్లు పొడిపించుకోకండి. ఎన్‌సీసీలో చేరండి, మీకు అది పడుతుందో లేదో ఉచితంగా తెలుస్తుంది. ఇంకా చిన్నపిల్లలున్నవాళ్లకు ఇక్కడ అంబికాపూర్‌లో సైనిక్ స్కూలుంది, అటు విజయనగరం పక్కన కోరుకొండ ఉంది. వాటికి ఫీజుంటుంది, స్కాలర్‌షిప్పులూ ఉన్నాయి. పెద్దలకు ఒక మాట, సీటు గ్యారంటీ అని లక్ష రూపాయలు అడిగే కోచింగు వాళ్లకు మన దగ్గర అప్పు కోసం రాకండి, నేను ఇవ్వను.

మా అమ్మాయి ఇప్పుడు పన్నెండో తరగతి. ఎన్‌సీసీ క్యాంపులో నల్లబడి వచ్చినప్పుడు వాళ్లమ్మ దెబ్బలాడింది, నేను నోరెత్తలేదు. పోయిన నెల ఎన్‌డీఏ దరఖాస్తు తనే తెరిచి కూర్చుంది. తలుపు వేసుకుంది. బాండు మీద సంతకం పెట్టాల్సి వస్తే తనే పెడతానని వాళ్లమ్మ అంటోంది, నన్ను పెట్టనివ్వదట. అదీ న్యాయమే. దరఖాస్తుకు వంద రూపాయలు ఫీజుంటుందని గుర్తొచ్చి తలుపు బయటి నుంచి, "డబ్బు కట్టాలా అమ్మా?" అని అడిగాను.

"ఆడపిల్లలకు లేదు నాన్నా, మీరు పడుకోండి" అంది.