మొదలుపెట్టే ముందు అరగంట
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

మనలో చాలామందికి సాఫ్ట్‌వేరే జీవనాధారం. అందుకే ఈ వృత్తికి అవసరమైన ఒక చిన్న అలవాటు గురించి మాట్లాడతాను. కొత్త పని ముట్టుకునే ముందు, అలాంటి పని ఇదివరకు చేసినవాళ్లు రాసిపెట్టిన అనుభవాలు చదవడం. వినడానికి తేలికే, చేసేవాళ్లు తక్కువ.

1998 డిసెంబరులో నాసా అంగారకుడి వైపు మార్స్ క్లైమేట్ ఆర్బిటర్‌ను పంపింది. నౌకలోని చిన్న థ్రస్టర్లు మండినప్పుడల్లా వాటి ప్రభావాన్ని భూమి మీద ఒక సాఫ్ట్‌వేర్ లెక్కగట్టేది. అది పౌండ్లలో అంకెలు ఇచ్చింది. వాటితో నౌక దారిని లెక్కించేవాళ్లు న్యూటన్లనుకున్నారు. తేడా దాదాపు నాలుగున్నర రెట్లు. 1999 సెప్టెంబరు 23న నౌక అంగారకుడికి మరీ దగ్గరగా వెళ్లి మనకు దక్కకుండా పోయింది. న్యూటన్లలోనే ఇవ్వాలని ప్రాజెక్టు పత్రాల్లో ముందే రాసి ఉంది!

ఇలాంటి పాఠాలను అందరూ చూసుకునేలా ఒకచోట చేర్చే వ్యవస్థ నాసాకు ఉంది. 2012లో ఆ సంస్థ ఇన్‌స్పెక్టర్ జనరల్ కార్యాలయం తనిఖీ చేస్తే, ప్రాజెక్టు మేనేజర్లు దాన్ని అరుదుగానే చూస్తున్నారని తేలింది. ఇక మన ఆఫీసుల సంగతి చెప్పాలా? ప్రాజెక్టు ముగిశాక మీటింగు పెడతాం, పాఠాలు రాస్తాం, ఫోల్డరులో దాస్తాం. ఆర్నెల్లకు కొత్త టీము వచ్చి అదే గుంటలో పడుతుంది. రాత్రుళ్లు మేలుకుని దాన్ని పూడ్చేది ఎవరు? నిన్నగాక మొన్న చేరిన పిల్లలు.

పాఠాన్ని ముందు పెట్టుకుని పని మొదలుపెడితే ఏమవుతుందో మన శ్రీహరికోట నుంచి ఎగిరిన చంద్రయాన్-3 చూపించింది. 2019లో విక్రమ్ చంద్రుడి మీద కూలిపోయింది. ఆ వైఫల్యం నుంచే ఇస్రో కొత్త డిజైను మొదలుపెట్టింది. ల్యాండరు కాళ్లను గట్టిపరిచారు. అర కిలోమీటరు చదరంగా ఉన్న దిగే చోటును 4 కిలోమీటర్ల పొడవు, 2.4 కిలోమీటర్ల వెడల్పుకు పెంచారు. 2023 ఆగస్టు 23న కొత్త విక్రమ్ క్షేమంగా దిగింది.

మనం చేయగలిగింది ఇదీ. పాఠం నాలుగు వాక్యాల్లో రాయండి: ఏం జరిగింది, ఎందుకు జరిగింది, ఏ పరిస్థితిలో జరిగింది, ఈసారి ఏం సరిచూసుకోవాలి. తప్పు చేసినవారి పేరు మాత్రం రాయకండి. రాస్తే రేపు ఎవరూ నిజం చెప్పరు. కాలం చెల్లిన పాఠాన్ని కొట్టేయండి. టీము పెద్దలు పని అప్పగించేటప్పుడు "ఎప్పటికి అవుతుంది?" అనడానికి ముందు "పాతవి చూశావా?" అని అడగండి. ఆ అరగంటను కూడా పనిగంటల్లోనే లెక్కవేయండి.

దిద్దిన పేపరు చేతికిచ్చి, ఎర్ర సిరా పడిన చోటు చూసుకోమని మన గురువులు చెప్పేవారు. మార్కులు అప్పుడే మరిచిపోయాం. ఆ అలవాటును మాత్రం మన దగ్గర పని నేర్చుకునే పిల్లలకు అందిద్దాం.