గండికోటలోని పల్లె



భిలాయి మొదటి బ్లాస్టు ఫర్నేసును 1959 ఫిబ్రవరి 4వ తేదీన రాష్ట్రపతి రాజేంద్రప్రసాదుగారు ప్రారంభించిరి. అంతకు మూడు వందల ఏండ్ల పూర్వమే ఫిరంగులు పోతపోసిన కొండకోట ఒకటి తెలుగునాట కలదు. అది కడప జిల్లాలో జమ్మలమడుగు చేరువనున్న గండికోట.

ఎర్రమల కొండలను చీల్చుకొని పెన్న పారుచోట ఏర్పడిన గండివలననే దానికా పేరు వచ్చినది. లోయ అంచున పెమ్మసాని నాయకులేలిన కోటలో మాధవరాయ, రంగనాథాలయములు, జామియా మసీదు, దాని ప్రక్కనే ధాన్యాగారము నిలిచియున్నవి.

1650 ప్రాంతమున గోల్కొండ సేనాని మీర్ జుమ్లా ఈ కోటను పట్టుకొనెను. 1652లో అచ్చటికి వచ్చిన ఫ్రెంచి వర్తకుడు తావెర్నియే, ఆలయ విగ్రహముల రాగితో ఫిరంగులు పోయించిరనియు, గండికోట గుడిలోని ఆరు విగ్రహములు మాత్రము కరగలేదనియు వ్రాసెను.

కొలిమి నెరిగిన భిలాయివారు ఈ మాట విని నవ్వవచ్చును, వేడి చాలలేదనవచ్చును. కాని నిజముగా కరగనిది వేరొకటి కలదు. నాయకులు పోయిరి, నవాబులు పోయిరి. కోటలోపలి పల్లె మాత్రము పోలేదు. ఆ గోడల నడుమ నేటికిని జనులు కాపురముండి, పొయ్యి రాజేసి, తెలుగున పలుకుచున్నారు.

భిలాయిలో పుట్టిన తెలుగు బిడ్డలకు తెలుగునాడనగా సెలవులలో చూచు చుట్టాల ఊరు మాత్రమే. వారినొకసారి గండికోటకు తీసికొనిపొండు. లోయ చూపి మరలవలదు. పల్లె వీధిలో నడిపింపుడు; అచ్చటి పెద్దలతో తెలుగున మాటాడింపుడు. కరగనిదేదో వారికే తెలియును.