తెలియక చేసిన పని



మన గ్రంథాలయ రజతోత్సవమున నాలుగు మాటలు చెప్పుమని కార్యకర్తలు కోరిరి. "తెలియక చేసితిని" అను మాట మనము నిత్యము వినునదే. అది ఎంతవరకు చెల్లునో క్రీ.పూ. 384-322 నడుమ జీవించిన గ్రీకు తత్త్వవేత్త అరిస్టాటిల్ విచారించెను. దానినే మనవి చేసెదను.

హాలహర్వి రైతొకడు ప్రత్తి అమ్ముటకు ఆదోని మార్కెట్టునకు పోయెననుకొనుడు. అచ్చట బాకీదారు ఎదురుపడి పాత అప్పు తీర్చెను. ముందే తెలిసియున్నచో రైతు అందుకొరకే పోయియుండెడివాడు. కాని పోయినది ప్రత్తి కొరకు. అరిస్టాటిల్ చెప్పిన ఉదాహరణయు అంగడిలో బాకీదారును కలిసినవానిదే. ఇది యాదృచ్ఛికము. ఇందు రైతు గొప్ప యేమియు లేదు.

అజ్ఞానము సంగతి వేరు. దశరథుడు సరయూతీరమున చీకటిలో నీటిచప్పుడు విని, ఏనుగనుకొని బాణము విడిచెను. కూలినవాడు మునికుమారుడు. అతనిని చంపవలెనని రాజు తలంపలేదు, తెలిసినంతనే కుమిలిపోయెను. ఎదుటివాడెవ్వడో తెలియక చేసి, పిదప పశ్చాత్తాపపడినచో, ఆ పని ఇష్టపూర్వకము కాదని అరిస్టాటిల్ మతము. కాని ఆయన అంతటితో విడువలేదు. తెలిసికొనగలిగియు అశ్రద్ధచే తెలిసికొననివాడు దోషియే యనెను. త్రాగి చేసిన నేరమునకు రెట్టింపు శిక్ష విధించుటను ఆయన ఉదాహరించెను. త్రాగకుండుట వాని చేతిలోనిదే గదా! అట్లే, చూడక బాణము విడువకుండుటయు దశరథుని చేతిలోనిదే.

బ్రదికింపగోరి యిచ్చిన పానీయమే ప్రాణము తీయవచ్చునని కూడ ఆయన చెప్పెను. మన యిండ్లలో పురుగుమందు సీసాయు, జ్వరపు మందు సీసాయు ఒక్కొక్కప్పుడు ఒకే గూటిలో నుండును. చదువు వచ్చియు, సీసా మీది చీటి చూడక మందు పోసినవాడు "తెలియదు" అనిన చెల్లదు. అక్షరము రాని తల్లి అట్లు పోసినచో? ఆమెను నిందింప నాకు నోరు రాదు. ఆమెకు చదువు చెప్పని మనకే ఆ దోషమున పాలు కలదు. ఈ మాట అరిస్టాటిల్‌ది గాదు, నాది.

యాదృచ్ఛికము మన చేతిలో లేదు. అజ్ఞానములో చాల భాగము మన చేతిలోనే యున్నది. కావున ఈ గ్రంథాలయమునకు వచ్చు ప్రతి పాఠకుడును, చదువురాని పొరుగువానికి దినమునకొక పుట చదివి వినిపింపవలెనని నా ప్రార్థన. సెలవు.