వసారాలో మనిషికి బీరువా తాళాలు



దొంగ అనగానే మనం వీధి తలుపు గడియ చూసుకుంటాం. కానీ మీరే పిలిచి వసారాలో కూర్చోబెట్టిన మనిషి, మీరు కాఫీ తెచ్చేలోగా బీరువా తాళాలు సంపాదిస్తే? సెల్‌ఫోనులో ఇలాంటిదే జరిగింది. ఈవేళ ఆ సంగతి చెప్పుకుందాం.

ఆండ్రాయిడ్ ఫోన్ల లోపల లినక్స్ కెర్నల్ అనే ప్రోగ్రాం ఉంటుంది. అది ఇంటికి పెద్దలాంటిది. ఏ యాప్ ఏది చూడవచ్చు, దేన్ని ముట్టకూడదు అని హద్దులు పెట్టేది అదే. మరి ఆ పెద్దే పొరబడితే?

2016 అక్టోబరులో "డర్టీ కౌ" అనే లోపం బయటపడింది. పేరులో ఆవు ఉన్నా, పాపం ఆవుకేమీ సంబంధం లేదు. రాసేటప్పుడు నకలు తీసే పద్ధతికి ఇంగ్లీషు పొడి అక్షరాలు కలిపితే ఆ మాట వచ్చింది, అంతే. రిజిస్ట్రారు ఆఫీసులో అసలు దస్తావేజు మీద మనల్ని రాయనివ్వరు గదా! నకలు ఇస్తారు. దానిమీద ఏం గీసుకున్నా అసలుకు మచ్చ రాదు. కెర్నల్ చేసేదీ అదే. అయితే ఒకడు "నకలు మీద రాస్తాను" అంటుంటే, అదే క్షణంలో రెండోవాడు "ఆ నకలు నాకక్కర్లేదు, పారేయండి" అంటూ, ఇద్దరూ మళ్ళీ మళ్ళీ తొందరపెడితే, ఎప్పుడో ఒకసారి రాత అసలు మీదే పడిపోతుంది. పెత్తనం ఎవరిదో చెప్పే కాగితమే అలా మారిపోతే, వసారాలో మనిషి ఇంటి యజమాని అయినట్టే!

ఈ లోపం 2007 నుంచీ, అంటే తొమ్మిదేళ్ళు దాగి ఉంది. దొంగలు దాడిచేసిన ఒక కంప్యూటరును పరిశీలిస్తూ ఫిల్ ఓస్టర్ అనే ఆయన దీన్ని పట్టుకున్నారు. లినక్స్ సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్ వెంటనే సరిదిద్దారు.

కానీ అలకగానే పండగ అయిపోదు. ఆ దిద్దుబాటు ఫోను కంపెనీ పంపాలి, మనం వేసుకోవాలి. 2017లో ఇదే లోపాన్ని వాడుకునే దొంగ యాప్‌లు బయటపడ్డాయని ట్రెండ్ మైక్రో సంస్థ తెలిపింది. బాధితుల్లో ఎక్కువమంది చైనాలో, మన దేశంలో ఉన్నారు. వాళ్ళ ఫోన్లలోకి ఆ దొంగ గోడ దూకి రాలేదు, యాప్ వేషంలో వచ్చాడు.

కాబట్టి "అప్‌డేట్" అని ఫోను అడిగితే విసుక్కుని పక్కన పెట్టకండి. రాత్రి చార్జింగు పెట్టి వేయండి. ఎవరో పంపిన లింకు నుంచి యాప్ పెట్టుకోకండి. కంపెనీ అప్‌డేట్లు ఆపేసిన పాత ఫోనులో బ్యాంకు లావాదేవీలు వద్దు. గడియ వేయడంతోపాటు, లోపలికి ఎవర్ని రానిచ్చామో చూసుకోవడం కూడా గృహిణి నేర్పే కదా!